నీళ్లలో గడప

ఆ వేసవిలో ఊరూరూ దాటుకుంటూ కృష్ణ ఒడ్డున ఒక్కణ్ణే నడుస్తూ, కొల్లాపూర్ దగ్గర తాటికల్లు పాక కనిపిస్తే ఆగాను. లోపల ఒక పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఒక్కన్నే తాగబుద్ధి అయితలేదు. జర కూసో, బిడ్డా."

తాగాక ఒడ్డు వెంట మరో పాకదాకా కలిసి నడిచాం. అక్కడా చెరో ముంత తాగాం. తన ఊరు డ్యాము నీళ్లలో మునిగిందనీ, ఎండాకాలం ఇంటి గోడలు బయటపడతాయనీ చెప్పాడు. ఏటా తమ్ముడితో చూడ్డానికి వచ్చేవాడట. ఆ తమ్ముడు మొన్న చలికాలంలో చనిపోయాడు.

అక్కణ్ణుంచి నన్ను ఆ ఇంటి దగ్గరికి తీసుకెళ్లాడు. మొండిగోడల మధ్య పాదాలు మునిగేంత నీళ్లున్నాయి. ఆయన చెప్పులు విడిచి, రాతి గడప దాటాడు. నేను బయటే ఆగాను.

"గాడనే నిలబడ్డవేంది? లోపటికి రా."

బూట్లు విప్పి వెళ్లాను. ఆ వేసవంతా నన్నెవరైనా ఇంట్లోకి పిలిచింది అదొక్కసారే.