మేనత్త నోటికి అందిన పాట

మొన్న మా మనవరాలు కాలేజీ వేడుకకు సొంతంగా ఓ పాట రాయాలని కూర్చుని, పాట రాయడానికి ఎంతసేపు పడుతుందని నన్నడిగింది. సాయంత్రానికల్లా అయిపోతుందేమోనని దాని ఆశ. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నా మొదటి పాట పూర్తయ్యేలోగా ఒక కోతల పండుగ వెళ్లిపోయి మరొకటి వచ్చింది.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా నాన్న మిషను బడిలో పంతులు, మా చర్చిలో సంఘ పెద్ద. ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, మా ఇంటి పక్క పాకలో ఉంటూ కూలికి వెళ్లేది. ఊడ్పుల్లో ఆమె గొంతెత్తితే అవతలి మడిలో వాళ్లు కూడా పని ఆపి వినేవాళ్లు. అలాంటి మనిషి ఆదివారం చర్చిలో మాత్రం చివరి వరుసలో ఊరకే కూర్చునేది. కీర్తనల్లోని బరువైన మాటలు ఆమెకు అందేవి కావు. నేను టీచరు ట్రైనింగు ముగించుకుని ఇంటికొచ్చిన ఏడాది, కొత్త పంటను చర్చికి కానుకగా తెచ్చే కోతల పండుగలో మేనత్త చేత పాడించే పాట ఎలాగైనా నేనే రాయాలని పట్టుబట్టాను.

‘సకల సస్య ప్రదాతా’ అంటూ మొదలుపెట్టి, మన కాలంలో పాటంటే అలాగే ఉండాలనుకునేవాళ్లం కదా, ఆ ధోరణిలోనే చరణాలన్నీ అల్లి గర్వంగా వినిపించాను. మేనత్త చేతిలో చేట పక్కన పెట్టి చివరిదాకా వింది.

“బాగున్నాదే. గానీ నాకు నోరు తిరగదు. ఇది మీ నాన్న పాట,” అంది.

ఆ ఏటి పండుగ నా పాట లేకుండానే గడిచిపోయింది. అయినా నేను వదల్లేదు. మరుసటి ఊడ్పులకు మేనత్త వెంట మడిలో దిగాను. నడుము వంచి నారు గుచ్చేటప్పుడు చిన్న మాటలే నోట పలుకుతాయనీ, అడుగు వెనక్కి వేసేచోట ఊపిరి తీసుకోవాలనీ, పల్లవి అక్కడే ఆగాలనీ నా ఒంటికే తెలిసొచ్చింది. ఒక్కో ముక్కా ఆమె నోట పలికించి, పలకనిది కొట్టేస్తూ రాశాను.

‘వంగిన నడుము సూసినోడా, వొడిలోన గింజలు పోసినోడా’ అన్న పల్లవి విని నాన్న ముఖం చిట్లించారు. పాస్టరు గారు నచ్చజెప్పాక, అయిష్టంగానే ఒప్పుకున్నారు.

తీరా గింజ పాలు పోసుకునే వేళ వానలు మొండికేశాయి. కళ్లాల్లో సగం కుప్పలు కూడా లేవు. పండుగ ఉదయం ఆ కళ్లాల మీదుగా నడిచి వస్తుంటే, ‘నిండుగా పండినాది సామీ’ అన్న నా చరణం నాకే సిగ్గనిపించింది. ‘తక్కువే పండినాది సామీ, తెచ్చినాం తీసుకో’ అని మార్చి మేనత్తకు చెప్పాను. నాన్న విననే విన్నారు.

“పండగ పూట తక్కువని పాడతారేటే?”

“లేనిది ఉన్నాదని దేవుడికెలా సెప్తాం నాన్నా?”

ఆయన చర్చిలో ముందు వరుసకెళ్లి కూర్చున్నారు.

కానుకల వేళ మేనత్త పలచటి వరిపనను, అంటే కంకుల కట్టను, తలకెత్తుకుని, చివరి వరుస నుంచి పాడుతూ నడిచి వచ్చింది. మొదటి మాటలు వెనక వరుసలకే వినబడ్డాయి. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి పొలంలోని గొంతు వచ్చేసింది, ఆడవాళ్లందరూ అందుకున్నారు, ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న చెల్లెలి పాక ముందు, నేనెన్నడూ చూడనట్టుగా, నేల మీదే కూర్చున్నారు.

“ఆ పాట ఇంకోపాలి అనవే,” అన్నారు.

ఆ పాట తర్వాత బొబ్బిలి వైపు ఊళ్లకు కూడా పాకింది. రాసిందెవరో ఎవరికీ తెలియదు. ఆ బెంగ నాకు లేదు. ఇప్పుడు కోతకు యంత్రాలొస్తున్నాయి, చర్చి గోడ మీద తెర వెలుగుతుంది, పాటలు దాని మీద అచ్చుతప్పు లేకుండా కనబడతాయి. నేనింకా రాస్తూనే ఉన్నాను, ఓపిక ఉన్నంతకాలం రాస్తాను. ఏది రాసినా చుట్టూ ఉన్నవాళ్లు బాగుందనే అంటారు. తన నోటికి అందలేదని మొహమాటం లేకుండా చెప్పి, మళ్లీ నన్ను మడిలోకి దింపే మనిషి మాత్రం లేదు.