పకోడీని కాలువలో వదిలిన హేమచంద్

హేమచంద్ గురించి రెండు మాటల్లో చెప్పమంటే కష్టమేమీ లేదు. ఆ రెండు మాటలూ ఆయనే రోజుకు నలభైసార్లు చెబుతాడు: "ఏం గాదు."

వంటింట్లో బాయిలర్ గురకపెడితే ఏం గాదు. కారు డాష్‌బోర్డు మీద నారింజరంగు దీపం మూడు నెలలుగా వెలుగుతుంటే ఏం గాదు. కూతురి చెవిపోటు నాలుగు రోజులైనా తగ్గలేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని భార్య అంటే ఏం గాదు. పదమూడేళ్ల క్రితం హన్మకొండ నుంచి ఐర్లండ్‌లో దిగి, ఈ దేశం వాళ్లు ప్రతిదానికీ, అంతా బాగానే ఉందన్నట్టు, "గ్రాండ్" అనడం వినగానే ఆయనకు సొంత మనుషుల మధ్యకు వచ్చినట్టు అనిపించి ఉంటుంది. ఇప్పుడు రెండూ కలిపి వాడతాడు. "ఇట్స్ గ్రాండ్, ఏం గాదు." తెలియనివాళ్లు దాన్ని ధైర్యం అనుకుంటారు. డబ్లిన్ దగ్గరి మెయ్‌నూత్‌లో వాళ్ల ఇంటి పై గదిలో ఏడాదికి పైగా అద్దెకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. అది ధైర్యం కాదు, కుర్చీలోంచి లేవడం ఇష్టం లేకపోవడం.

ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కంపెనీలో. పని, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. ఇక్కడి తెలుగువాళ్ల సంఘంలో ఆయనది సేఫ్టీ ఇన్‌చార్జి పదవి. అంటే ప్రతి పండక్కీ మెరిసే పసుప్పచ్చ కోటు తొడుక్కుని, మైకు పట్టుకుని, "పిల్లలను జర చూసుకోండి" అని ఇతరులకు చెప్పడం.

ఆరేళ్ల క్రితం ప్రమోషన్ తప్పిపోయినప్పుడు వరంగల్ నుంచి ఒక వాస్తు సిద్ధాంతి వీడియో కాల్‌లో ఇల్లంతా చూసి, ఉత్తరం వైపు నీళ్ల పళ్లెంలో ఇత్తడి తాబేలును ఉంచమన్నాడు. మామూలు మనిషైతే ఇత్తడి తాబేలును కొనుక్కుంటాడు. హేమచంద్ ఆలోచించాడు. ఇత్తడి దానికే అంత ఫలితముంటే, ప్రాణమున్న దానికి ఇంకెంత? ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన చూసి కిల్కెన్నీ దాకా వెళ్లి, రెండు యూరోల బిళ్లంత తాబేలు పిల్లను పెరుగు డబ్బాలో పెట్టుకొచ్చాడు. అది ఏ జాతి, ఎంత పెరుగుతుంది, ఏం తింటుంది అని అమ్మినవాణ్ణి అడగలేదు. తాబేలంటే తాబేలే కదా.

అప్పుడు నాలుగేళ్లున్న కూతురు మధులిక దాన్ని చూసి పకోడీ అంది. నల్లగా, గరుకుగా, మాడిన పకోడీలాగే ఉండేదట. ఆ పిల్ల రోజూ అరచేతిలో పెట్టుకుని రొయ్య ముక్కలు తినిపించేది. మూడో ఏడు హేమచంద్‌కు ప్రమోషన్ వచ్చింది. దానితో తాబేలు పని అయిపోయింది. ఆ తర్వాత తొట్టె కడగడం భార్య సత్యవాణి మీద పడింది. ఆమె డబ్లిన్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేసి, రైలు దిగి వచ్చి, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని ఆ తొట్టె తోమేది.

నేను చూసేటప్పటికి పకోడీ భోజనం పళ్లెమంత అయింది. తొట్టెలో తిరగడానికి చోటు లేదు. ఒకరోజు తోముతున్న బ్రష్షును పట్టి పిడిని పటుక్కున విరిచేసింది.

"ఏమయ్యా, ఇది మామూలు తాబేలు లెక్క లేదు. ఇసొంటివాటిని సాకేటోళ్లున్నరంట, ఫోన్ జెయ్యి," అంది సత్యవాణి.

"నేను చూస్కుంట తియ్. ఏం గాదు."

చూసుకున్నాడు. మే నెలలో సత్యవాణి, మధులిక కార్క్ పక్కనే ఉన్న బాలింకాలిగ్‌లో బంధువులింటికి రెండు రోజులు వెళ్లారు. ఆదివారం పొద్దున, వీధి వీధంతా చర్చిలో ఉన్న వేళ, హేమచంద్ మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాను రెండు చేతులా మోసుకుంటూ కాలువ వైపు నడవడం పై గది కిటికీలోంచి చూశాను. అరగంటకు ఖాళీ డబ్బాతో, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో తిరిగొచ్చాడు. సాయంత్రం కూతురికి ఫోన్‌లో చెప్పాడు, కార్క్‌లో జంతువుల పార్కువాళ్లు వ్యాన్‌లో వచ్చి తీసుకుపోయారని, అక్కడ పెద్ద చెరువుందని, పకోడీకి బోలెడు దోస్తులున్నారని.

"బట్ డాడ్, మేము కార్క్‌లోనే ఉన్నాం కదా! వియ్ కుడ్ హావ్ సీన్ హిమ్!" అంది మధులిక.

"మల్లెప్పుడన్న పోదాం బిడ్డా."

అద్దెకున్నదానివి నీకెందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ ఒక రకమైన "ఏం గాదు".

సెప్టెంబరులో, పడవలు ఆగేందుకు కాలువను వెడల్పు చేసిన హార్బర్ దగ్గర, పిల్లలు బాతులకు రొట్టె వేసే చోట, గాలం వేసుకునే ఒక ముసలాయన పెద్ద తాబేలును చూసి ఫొటో తీశాడు. ఆ ఫొటో ఊరి గ్రూపుల్లో తిరిగింది. మసక ఫొటో. నీళ్లలో నల్లటి వీపు తప్ప ఏమీ కనిపించదు. సరిగ్గా అక్కడే, పడవలు దించే వాలుగట్టు మీద, మావాళ్లు ఏటా సద్దుల బతుకమ్మ ఆడి పూలను నీళ్లలో వదులుతారు. సంఘం పండగ పనులన్నీ చూసే నీలిమ నాకు ఫోన్ చేసింది.

"సుధేష్ణా, నువ్వు సాహిత్యం చదువుతున్నవ్ గద. ఆ తాబేలు గురించి అందరికీ సమజయ్యేటట్టు తెలుగుల నాలుగు ముక్కలు రాసియ్యవా?"

గాలం ముసలాయన్ను అడిగాను, లైబ్రరీలో చదివాను, రాశాను. ఇది కొరికే జాతి తాబేలు, ఈ దేశానిది కాదు, ఎవరో పెంచి వదిలింది. గుర్తుపట్టడం ఎలాగంటే, చెవి దగ్గర ఎర్రచార ఉన్న చిన్న తాబేళ్లతో దీనికి పోలిక లేదు. తల పెద్దది, ముక్కు కొంకి తిరిగి ఉంటుంది. తోక డొప్పంత పొడుగు, మీద రంపపు పళ్లు. డొప్ప వెనక అంచు పళ్లు పళ్లుగా ఉంటుంది. నీళ్లలో మనిషిని చూస్తే తప్పుకుపోతుంది. గట్టు మీద ఉన్నప్పుడే ప్రమాదం. తల పూర్తిగా లోపలికి దాచుకోలేదు కాబట్టి కరిచే తనను తాను కాపాడుకుంటుంది. మామూలు తాబేలును ఎత్తినట్టు రెండు పక్కలా పట్టుకుని ఎత్తవద్దు. మెడ చాలా పొడుగు, పక్కకు తిరిగి వేళ్లు అందుకుంటుంది. తోక పట్టి వేలాడదీయవద్దు, వెన్ను విరుగుతుంది. దూరంగా నిలబడండి, పిల్లలను వెనక్కి లాగండి, తెలిసినవాళ్లను పిలవండి.

పండగ కాగితాలన్నీ సేఫ్టీ ఇన్‌చార్జి చూసి పంపాలి. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని హేమచంద్ నా ఫోన్‌లో చదివాడు. మొదటిసారి తేలిగ్గా చదివాడు. రెండోసారి చదివేటప్పుడు పెదాలు కదలడం మానేశాయి.

"గీ తోక సంగతెందుకమ్మా?"

"దాన్నిబట్టే గుర్తుపట్టాలి అంకుల్."

"తీసెయ్. ఆడోళ్లు పరేశానైతరు. తల పెద్దది, ముక్కు కొంకి... గివన్నీ తీసెయ్. జంతుశాస్త్రం పరీక్షనా ఏంది?"

"పక్కలు పట్టుకోవద్దన్నదైనా ఉంచండి. పిల్లలు ఎత్తుతారేమో."

"ఎవ్వలెత్తుతరు? ఏం గాదు."

అప్పుడే సత్యవాణి వంటింట్లోకి వచ్చింది. హేమచంద్ నా ఫోన్‌ను బల్ల మీద బోర్లించి, టీ ఉందా అని అడిగాడు. ఆ ఫోన్ బోర్లించడంతో నాకు అంతా తెలిసిపోయింది. తోక గురించి చదివితే ఆ ఇంట్లో ఇద్దరు దాన్ని వెంటనే గుర్తుపడతారు. ఊరంతటికీ తెలిసినా ఆయనకు ఫరవాలేదు, ఆ ఇద్దరికీ తెలియకూడదు. అందుకోసం అదే ఇద్దరిని కళ్లకు గంతలు కట్టి ఆ గట్టు మీదికి పంపడానికి సిద్ధపడ్డాడు.

చివరికి సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది ఇది: "కాలువలో తాబేలు ఉండవచ్చు. భయపడవలసినదేమీ లేదు. మీ భద్రతే మా ధ్యేయం. ఇట్లు, హేమచంద్, సేఫ్టీ ఇన్‌చార్జి." కింద యాభై ఆరు బొటనవేళ్లు.

పండగకు ముందురోజు మధ్యాహ్నం నేను రాసిన అసలు ముక్క సత్యవాణి ఒక్కదానికే పంపాను. చదివినట్టు నీలి గుర్తులు పడ్డాయి.

ఆ అక్టోబరు మొదట్లో నాలుగు రోజులు ఎండ కాసింది. సద్దుల బతుకమ్మనాడు హార్బర్ గట్టంతా పట్టుచీరలే. తంగేడు లేదు, గునుగు లేదు. సూపర్‌మార్కెట్ చామంతులతోనే బతుకమ్మలు పేర్చారు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. సత్యవాణి మాత్రం ఆడలేదు. పెద్ద స్టీలు తాంబాళంలో బతుకమ్మను పెట్టుకుని వాలుగట్టు పక్కనే నిలబడి నీళ్ల వైపు చూస్తోంది. "రా వదినా, ఆడుదాం," అని నీలిమ చెయ్యి పట్టి లాగినా కదల్లేదు. హేమచంద్ పసుప్పచ్చ కోటులో, ఇరవై అడుగుల అవతల, మైకుతో ఉన్నాడు.

తాబేలు ఎప్పుడు ఎక్కిందో ఎవరూ చూడలేదు. బాతుల కోసం వేసిన రొట్టెకు వచ్చిందో, ఎండకు వచ్చిందో, వాలుగట్టు మీద తడి మేర దాటి కూర్చుంది. మొదట చూసింది మధులిక.

"పకోడీ!"

పదేళ్ల పిల్ల, కొత్త పట్టులంగా ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. నేను హేమచంద్‌నే చూస్తున్నాను, చూసినదే చెబుతున్నాను. ఆయన కూతుర్ని చూశాడు. తాబేలును చూశాడు. తర్వాత చుట్టూ ఎవరెవరు చూస్తున్నారో చూశాడు. మైకు నోటి దగ్గరే ఉంది. ఒక్క మాట చాలు, 'ముట్టకు' అంటే చాలు. కానీ అలా అంటే దాని సంగతి ఆయనకెలా తెలుసని ఎవరైనా అడుగుతారు. మధులిక మోకాళ్ల మీద కూర్చుని, చిన్నప్పుడు ఎత్తినట్టే, రెండు చేతులూ డొప్ప పక్కలకు చాచింది.

అప్పటికి మైకులోంచి వచ్చింది ఇదే: "ఏం గాదు, ఏం గాదు."

"చెయ్యి దియ్ బిడ్డా!" అంది సత్యవాణి.

ఆమె బతుకమ్మను నేలకు వదిలేసి ఖాళీ తాంబాళాన్ని పిల్ల చేతికీ తాబేలు తలకూ మధ్య దూర్చింది. మెడ ఎంత పొడుగో అప్పుడు తెలిసింది అందరికీ. ఖణేల్‌మంది. తాంబాళం అంచు దాని నోట్లో ఉంది. సత్యవాణి పళ్లెం వదిలేసి, మధులికను నడుం పట్టుకుని వెనక్కి లాగి, చామంతుల మధ్య కూలబడింది. పాట ఆగిపోయింది.

మధులిక ఏడవలేదు. డొప్ప ఎడమ అంచున ఉన్న నొక్కు వైపు వేలు చూపించింది.

"డాడ్, అది నువ్వు కిందపడేసినప్పుడు పడింది. దట్స్ పకోడీ. యు సెడ్ హి వాజ్ ఇన్ కార్క్."

"అన్ని తాబేళ్లు గట్లనే ఉంటయి బిడ్డా," అన్నాడు హేమచంద్. మైకు ఆపడం మరిచిపోయాడు. ఆ మాట హార్బర్ అవతలి గట్టు దాకా వినిపించింది.

సత్యవాణి అరవలేదు. చీర మీది రేకులు దులుపుకుంటూ మామూలు గొంతుతోనే అడిగింది.

"ఏ వ్యానయ్యా? ఏ రంగు వ్యాన్ల తీస్కపోయిన్రు?"

ఆయన కోటు జిప్పు పైకీ కిందికీ లాగుతున్నాడు.

గాలం ముసలాయన ఫోన్ చేస్తే గంటకు ఇద్దరమ్మాయిలు వచ్చారు, ఇటువంటి జంతువులను చేరదీసేవాళ్లు. మంచు ఎత్తే వెడల్పాటి పార ఒకటి పకోడీ ముందు ఆనించి, వెనక నుంచి చీపురుతో తోసి, పార మీదికి ఎక్కించి, పెద్ద డబ్బాలోకి జార్చారు. దాని ఒంటిని ఎవరూ తాకలేదు. నేను రాసిందీ, హేమచంద్ కొట్టేసిందీ ఇదే. వాళ్లలో ఒకమ్మాయి కాగితం తీసి, దీని వయసు ఎవరికైనా తెలుసా అని ఇంగ్లీషులో అడిగింది.

"సిక్స్," అంది మధులిక. "సెవెన్ ఇన్ మార్చ్."

పెంచినవాళ్ల పేరు ఉందా అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. సత్యవాణి కలం అడిగి తీసుకుని, భర్త పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసింది. హేమచంద్ ఆ సమయంలో కార్ల దగ్గర ఎవరికో పార్కింగ్ చూపిస్తున్నాడు.

మర్నాడు గ్రూపులో ఆయన సందేశం: "బాధ్యత లేని కొందరు ఇటువంటి ప్రమాదకర జంతువులను కాలువల్లో వదలడం శోచనీయం. సమయస్ఫూర్తితో ప్రమాదం తప్పించిన మన కమిటీకి అభినందనలు." మైకులో ఆయన మాటలు చెవులారా విన్నవాళ్లే బొటనవేళ్లు పెట్టారు. నలభై తొమ్మిది. ఈసారి ఏడు తగ్గాయి. అది ఏడుగురి మనస్సాక్షో, ఏడుగురి బద్ధకమో నాకు తెలియదు.

సత్యవాణి బొటనవేలు పెట్టలేదు. నేను పంపిన అసలు ముక్కను, తోకతో సహా, అదే గ్రూపులో ఆయన సందేశం కింద పెట్టింది. కొరికిన చోట అంచు నొక్కుకుపోయిన తాంబాళాన్ని వంటింట్లో పొయ్యి ఎదురుగా మేకుకు తగిలించింది. హేమచంద్ టీ పెట్టుకోవాలంటే దాని ముందే నిలబడాలి.

ఆయన మారలేదు. బాయిలర్ ఇంకా గురకపెడుతూనే ఉంది. మొన్న వానలో అందరం స్టేషన్ నుంచి నడిచి వస్తున్నాం. రోడ్డు దాటాలి, మలుపులోంచి కారు వస్తోంది. హేమచంద్ ముందుకు అడుగేసి, "రా బిడ్డా, ఏం గాదు," అని చెయ్యి చాచాడు.

మధులిక రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని వాళ్లమ్మ ముఖంలోకి చూసింది. సత్యవాణి తల ఊపేదాకా కదల్లేదు.