టాపు పీకించిన కారు

2003 జూలై మొదటి శుక్రవారం, మధ్యాహ్నం రెండూ ఇరవైకి మా నష్టం మొదలైంది. మాది బత్తలపల్లె దగ్గర పల్లె. అప్పుడు నాకు యాభై ఎనిమిదేళ్లు.

మా ఆయన దగ్గర టాపు వెనక్కి మడిచే పాత విదేశీ కారు ఉండేది. మద్రాసులో ఒక జడ్జి కొన్నది, తర్వాత హిందూపురం మిల్లు యజమానికి, ఆయన తర్వాత మా పెరట్లోకి వచ్చింది. నాలుగేళ్లు బాగుచేయించాడు. ఇంజను కొత్తది, రంగు కొత్తది, తోలు సీట్లు కొత్తవి. టాపు గుడ్డ మాత్రం చిరిగి కమ్మీలు మిగిలాయి.

“అన్నా, టాపు కుట్టించల్ల” అన్నాడు మెకానిక్ మస్తాన్.

“ఈడ వాన యాడ పడుతుందప్పా? ఆ కమ్మీలు గూడా పీకేయ్” అన్నాడు ఈ మహానుభావుడు.

ఆ శుక్రవారం ధర్మవరం నుంచి వేరుశెనగ విత్తనం తేవాలి. మా ఐదెకరాలకు ఉన్న విత్తనం అదొక్కటే. ట్రాక్టరు పంపమన్నాను.

“జనం చూడల్ల గదమ్మే!” అని నన్నూ కారెక్కించాడు.

ఆరు మూటలతో తిరిగి వస్తుంటే వాన మొదలైంది. రెండు నెలలుగా ఊరంతా ఎదురుచూసిన విత్తనాల వాన. మూటల మీద నా కొంగు కప్పాను. అదెంత ఆగుతుంది? దారిలో వంక పొంగి, ఆ నీళ్లలో కారు నిలిచిపోయింది. నీళ్లు తగ్గాక, నేను చెప్పిన ఆ ట్రాక్టరే వచ్చి లాగింది. ఇల్లు చేరేసరికి ఆదివారం. గింజలు మూటల్లోనే మొలకెత్తి కుళ్లు వాసన కొట్టాయి. చుట్టూ అందరూ విత్తుతున్నారు.

“ఏమన్నా, చేన్లో కాకుండా కార్లో విత్తినావా?” అన్నాడు పక్క చేను నరసింహులు.

వాన రాదని టాపు పీకించినవాడు, ఆ వాన కోసమే విత్తనం ఎందుకు కొన్నాడో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

పోయినవి: ఆరు మూటల విత్తనం, ఐదెకరాల పంట, రెండు ఎద్దులకు ఏడాది మేత. కారుకు ఏమీ కాలేదు.