మా వదినె ఇంటి ఫ్యాను

ఈ కోపం తగ్గకముందే రాసి పెట్టాలి. తగ్గితే నేను కూడా ఆ ఆఫీసువాళ్ల లాగే మెత్తగా మాట్లాడతానేమో.

మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, అశోక్ చౌక్ వెనక మా తెలుగువాళ్ల గల్లీ. పవర్‌లూమ్ షెడ్డులో తయారయ్యే చద్దర్ల లెక్క నేనే చూస్తాను. బడిలో నేర్చుకున్న లెక్కలు కావివి, నూలు పోగులతో నేర్చుకున్నవి. కూడింది పై నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి సరిచూస్తే గాని నాకు నిద్ర పట్టదు. ఎండలను తట్టుకునేందుకు ప్రణాళిక రాస్తున్నామని కొందరు ఆఫీసువాళ్లు వచ్చి, తెలుగూ లెక్కలూ వచ్చిన మనిషి కావాలంటే గల్లీ అంతా నన్నే చూపించింది. సంతోషంగా పోయాను.

ప్రణాళిక మంచిదే. ఇప్పటికీ ఆ మాటే అంటాను. షెడ్ల పైన సోలార్ పలకలు, రేకుల ఇళ్ల పైన ఎండను తిప్పికొట్టే తెల్లరంగు. రంగు అందరికీ చాలదు గనక ముందుగా ఎండకు ఎక్కువ మాడే ఇళ్లకు వేస్తామన్నారు. వెంటనే నాకు అన్న ఇల్లు గుర్తొచ్చింది. రేకుల కింద ఒకే గది. పోయిన ఎండాకాలం వదినె బీడీలు చుడుతూ చుడుతూ చాట మీదికే వాలిపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. మళ్లీ ఇట్లా వేడి తగిలితే ప్రాణం మీదికి వస్తుందన్నాడు డాక్టరు.

సర్వేకు మరాఠీ మేడం వచ్చింది. మంచి పిల్ల. కింద కూర్చుని, మా నీళ్లే తాగి, ఫోన్లో చూస్తూ అడిగింది. ఇంట్లో ఫ్యాన్ ఉందా? వదినె పైకి చూపించి "ఉన్నది" అంది. మేడం వేలితో నొక్కింది. అంతే, జాబితాలో వదినె ఇల్లు లేకుండా పోయింది. ఫ్యాన్ ఉంటే మొదటి విడతలో రంగు లేదట.

కొంతం చౌక్ దగ్గరి వాళ్ల ఆఫీసుకు పోయాను. బీడీలు చుట్టేటప్పుడు ఫ్యాన్ వేయరని అక్కడే ఉన్న మేడంకు చెప్పాను. తంబాకు ఎగిరిపోతుంది, తడిపి పెట్టుకున్న ఆకు ఎండి పగులుతుంది. కాబట్టి ఎండ మండే వేళంతా ఫ్యాన్ బందే ఉంటుంది. ఆమెకు అర్థం కాకపోయి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. కానీ అర్థమైంది.

"మీరు చెప్పేది నిజమే కాకా. కానీ ఫోన్లో ఉంది, లేదు అని రెండే గడులున్నాయి."

లోపలి సారు ఇంకో మాట అన్నాడు. ఒక గల్లీ కోసం ప్రశ్న మారిస్తే ఊరి లెక్కంతా చెడుతుందట. లెక్క చెడటం గురించి నాకు చెప్పాడు! మనిషికి ఎంత వేడి తగులుతుందో తెలుసుకోవాల్సిన వాళ్లు ఇంట్లో సామాను లెక్కపెట్టుకుని పోయారు. అది ఎన్నిసార్లు కూడినా సరిగ్గానే వస్తుంది, ఎందుకూ పనికిరాదు. బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇళ్లన్నీ ఆ ఒక్క ప్రశ్నతో చల్లని ఇళ్లయిపోయాయి.

వచ్చి వదినెకు చెప్పాను. ఆకు కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు.

"గంతేనా? విప్పి మంచం కింద పెట్టు. మళ్ల చూస్కొమ్మను."

"అబద్ధం అయితది వదినె."

"ఏంది అబద్ధం? నేను బీడీలు చుట్టేటప్పుడు అది తిరుగుతదా?"

"తిరగదు."

"మరి ఉన్నట్టా, లేనట్టా? చెప్పు, లెక్కల మర్దీ!"

స్టూలెక్కి ఫ్యాను విప్పాను. మళ్లీ సర్వే చేయమని అర్జీ పెడితే వేరే పిల్లవాడు వచ్చి, తల పైకెత్తి చూసి, లేదు అని నొక్కి పోయాడు. రంగు పడింది. మధ్యాహ్నం పూట ఆ గదిలో కూర్చోగలుగుతున్నారు. కండ్లు తిరుగుతలేవని వదినె తనంతట తానే చెప్పింది.

కానీ రంగు వేసిన ఇళ్లను మళ్లీ చూసిపోయే తనిఖీ మిగిలింది. ఎప్పుడొస్తారో చెప్పరు. అందాకా ఫ్యాను కనబడొద్దని నేనే గట్టిగా చెప్పాను. చాట పక్కన పెట్టాక వేసుకునే ఆ కాస్త గాలి కూడా పోయింది. రాత్రుళ్లు ఇద్దరికీ నిద్ర లేదు. ఒక సాయంత్రం అన్న షెడ్డు నుంచి ఒళ్లంతా దూదితో వచ్చి, మంచం కింది నుంచి ఫ్యాను బయటికి లాగాడు.

"పెట్టు తమ్మీ."

"చెకింగ్ కాలేదన్నా. చూస్తే పేరు తీసేస్తరు."

"తియ్యనీ. పేరు తీస్తే రంగు గూడ గోకి తీస్కపోతరా?"

వదినె చాట దులుపుతూ నవ్వింది. "గోకేటోళ్లకు చాయ్ పెడ్త, రమ్మను."

బిగించాను. నాకు నవ్వు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మిగతా ఇళ్లన్నీ ఇంకా నల్ల రేకుల కిందే మాడుతున్నాయి. స్టూలు ఎత్తుకుని బయటికి రాగానే ఎదురింటి అత్త, ఒళ్లో చాటతోనే, గడపలోంచి కేకేసింది.

"ఆ స్టూలు ఇటు తే బిడ్డా. మాది ఎప్పుడు విప్పుతవ్?"