ఫిడేలాయన చేసిన సీడీ

అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి చూసేంతగా ఆయన ఫిడేలాయన అయిపోయాడు. తమ్ముడు పాడతాడు, ఈయన పక్కన కూర్చుని వాయిస్తాడు. పాట మధ్యలో తమ్ముడికి దగ్గొస్తే, అదీ పాటలో భాగమేనని జనం నమ్మేలా వాయించి గట్టెక్కించిన మనిషి. ఇన్నేళ్లలో తమ్ముడి నోట "బాగా వాయించావు అన్నయ్యా" అన్న ముక్క మాత్రం రాలేదు. ఆ ముక్క కోసమే, మౌసు పట్టుకోవడమే కొత్తయిన వయసులో కంప్యూటర్ నేర్చుకుని, తమ్ముడి పాటల సీడీ తానే చేస్తానన్నాడు.

పడకగదిలో పరుపును గోడకు నిలబెట్టి, చప్పుళ్లు రాకుండా రికార్డు చేశాడు. తమ్ముడు పాడేసి వెళ్ళిపోయాడు. ఆ గొంతును చెవుల్లో పెట్టుకుని ఈయన తర్వాత తీరిగ్గా ఫిడేలు వాయించి, వేరే ట్రాకులో ఎక్కించాడు. జన్మలో అంత బాగా వాయించలేదని తనకే అనిపించింది.

ఇక పని మొదలుపెట్టాడు. గొంతు సవరించుకోవడాలన్నీ కత్తిరించాడు. ఒక పాట అరుపుగా, ఇంకోటి గొణుగుడుగా లేకుండా అన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చాడు. తమ్ముడి గొంతు వెనక ఏదో బుస వినిపించింది. అదేమిటో పట్టుకోవడానికి మ్యూట్ కొట్టి తన ఫిడేలు ట్రాకు నోరు నొక్కాడు. బుస ఫ్యానుది. దాన్ని వదిలించిన సంబరంలో ఫిడేలు నోరు తెరవడం మరిచిపోయి, అలాగే ఎక్స్‌పోర్ట్ కొట్టేశాడు. ఎంపీత్రీగా కుదిస్తే పాట నలుగుతుందని పెద్ద వేవ్ ఫైళ్లుగానే తీసి, నింపాదిగా సీడీలు బర్న్ చేశాడు. ప్రతి పాటా గొంతుతోనే మొదలవుతుంది కనుక ఆ మొదళ్లు మాత్రం విని, సరిపోయిందనుకున్నాడు.

సీడీలు పంచేశాక తమ్ముడింట్లో అందరూ కూర్చుని విన్నారు. మొదటి పాట సగంలోనే తన ఫిడేలు నోరు ఇంకా మూసే ఉందని ఫిడేలాయనకు తెలిసిపోయింది.

"బావగారూ, ఈసారి కమానుకి తేనె రాశారా ఏంటి?" అంది మరదలు.

"ఫిడేలు ఎక్కడా పాటను మించలేదండీ. అదీ పెద్దరికమంటే," అన్నాడు పక్కింటి మేష్టారు.

తమ్ముడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. "బాగా వాయించావు అన్నయ్యా."

ఫిడేలాయన ఇంటికెళ్ళి, ఫిడేలుతో సహా మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్త సీడీ తెచ్చి తమ్ముడికి వినిపించాడు. తమ్ముడు మొహం చిట్లించాడు.

"మధ్యలో ఏదో గీరుతోందేంటి?"

"ఆ గీరేది నేనేరా. ముందు దాంట్లో నేను లేను."

తమ్ముడు సీడీ బయటికి తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు. "పోనీలే అన్నయ్యా. అందరూ బాగుందన్నారు కదా, అదే ఉండనీ. కచేరీకి మాత్రం తప్పకుండా రా. పక్కన మనిషి లేకపోతే వేదిక బోసిగా ఉంటుంది."

"ఖాళీ కుర్చీ వేయించుకో. అది అసలు గీరదు," అని లేచి వచ్చేశాడు.

ఆ కచేరీకి వెళ్ళలేదు. కానీ మనసు ఊరుకోదు కదా, మర్నాడు మరదలికి ఫోన్ చేశాడు.

"కచేరీ దివ్యంగా జరిగింది బావగారూ."

"ఎవరైనా అడిగారా అమ్మా?"

"దేని గురించి?" అంది మరదలు.