చీటీ మార్చిన గ్రేటింగు

ఈ మాట ఇన్నేళ్లుగా నాలోనే దాచుకున్నాను. నా భార్యకు చెప్పలేదు. పదవీ విరమణ సభలో దండలు వేస్తుంటే అప్పుడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మదనపల్లెలో ఒక కాలేజీలో బీయస్సీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఫైనలియర్ ల్యాబ్ నా చేతి కింద ఉండేది. అందులో గ్రేటింగు అని ఒక గాజు పలక. దాని మీద కంటికి ఆనని సన్నటి గీతలుంటాయి. అంగుళానికి ఎన్ని గీతలో మూలన చీటీ మీద రాసి ఉంటుంది. ఆ సంఖ్య వేసి లెక్క కడితే దీపం వెలుగులోని ఒక్కో రంగుకు తరంగదైర్ఘ్యం వస్తుంది.

డెబ్భైలలో, నేను చేరిన కొత్తలో, అది నా చేతిలోంచి జారి పగిలింది. స్టాకు తనిఖీ దగ్గర పడుతోంది. సంజాయిషీ రాసివ్వాలంటే భయం. అలమరలో ఏ గుర్తూ లేని ఇంకో గ్రేటింగు ఉంది. పగిలినదాని చీటీని తడిపి ఊడదీసి దీనికి అతికించాను. తనిఖీకి వచ్చినవాళ్లు చీటీ చూసి వెళ్లిపోయారు.

గీతల సంఖ్య వేరు కాబట్టి దాంతో ఎవరు కొలిచినా జవాబు తప్పే వస్తుంది. మరి ఇన్నేళ్లూ ఎలా గడిచిందంటారా? ముందు పుస్తకంలోని జవాబు వేసుకోండి, అక్కడినుంచి వెనక్కి వచ్చి రీడింగులు రాసుకోండి అని పిల్లలకు నేనే నేర్పాను. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు, చాలాచోట్ల జరిగేదే. కానీ మిగతావాళ్లు బద్ధకంతో చేసింది నేను కావాలని చేశాను. దాన్ని చదువు చెప్పడం అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఎనభైల మొదట్లో ఖాదర్ వచ్చాడు. పుంగనూరువాడు, నాకంటే చిన్న లెక్చరర్. నోట్సు చెప్పి రాయించడం మానేశాడు. బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, ముందు మీలో మీరు వాదించుకోండి, తర్వాత నాతో వాదించండి అనేవాడు. ల్యాబులో తన బ్యాచి పిల్లల చేత పుస్తకాలు మూయించాడు. వచ్చింది వచ్చినట్టు రాయాలి, తప్పు వస్తే ఎందుకొచ్చిందో రాయాలి, అదీ అతని పట్టు. క్లాసు సంతలాగా ఉందని నేను స్టాఫ్ రూములో ఎగతాళి చేసేవాణ్ణి. కడుపుమంట, ఇంకేం కాదు. నా క్లాసులో ఏ పిల్లవాడూ నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

ఆ బ్యాచిలో రెడ్డెప్ప అని నిమ్మనపల్లె నుంచి వచ్చే విద్యార్థి ఉండేవాడు. గ్రేటింగుతో చేసిన లెక్క కుదరక ఖాదర్ దగ్గరికి పోతే, ల్యాబు చూసే సారును అడగమని నా దగ్గరికి పంపాడు.

"సార్, నా చెయ్యి తప్పయితే ఒక్కో రంగుకు ఒక్కో మాదిరి తప్పు రావాల గదా. అన్నీ ఒకే మాదిరి తగ్గతాండాయి. ఆ చీటీ మీద నంబరే తప్పేమో సూడండి సార్."

అతని నోటుబుక్కు మూసి చేతికిచ్చాను.

"ఇన్నేండ్లుగా ఎవురికీ రాని తప్పు నీకు యాల వస్తాండాదప్పా? గ్రేటింగు బాగానే ఉండాది. నీ చెయ్యే కుదురుగా లేదు. పో, మళ్లా చెయ్యి."

తల ఊపి వెళ్లాడు. అప్పుడైనా చీటీ పీకేయవచ్చు కదా? ఎవరు అడ్డుకున్నారు నన్ను? ఎవరూ లేరు.

యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్షలో ఎవరు ఏ ప్రయోగం చేయాలో చీట్లు తీస్తే అతనికి గ్రేటింగే వచ్చింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు అతని పేపరు చూసి మొహం చిట్లించాడు. తప్పు జవాబు, దాని కింద కారణం: గ్రేటింగు మీది సంఖ్య సరైనది కాకపోవచ్చు, ఇంత ఉండవచ్చు అని లెక్కతో సహా. పరికరం సరిగ్గానే ఉందా అని ఆయన నన్నడిగాడు. ఉంది సార్ అన్నాను. ఆ పేపరు మీద అడ్డంగా గీత కొట్టి కింద సంతకం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ప్రాక్టికల్ తప్పినందుకు రెడ్డెప్పకు ఆ ఏడాది ఎమ్మెస్సీ సీటు పోయింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు చదివించలేదు. నిందంతా ఖాదర్ చదువు మీద పడింది. ప్రిన్సిపాల్ నా అభిప్రాయం అడిగితే, పద్ధతి మంచిదే గాని మన పిల్లలకు సరిపడదు అని పెద్దమనిషిలా చెప్పాను. ఖాదర్‌ను కుప్పానికి బదిలీ చేశారు. అక్కడ అతను నోట్సు చెప్పి రాయిస్తున్నాడని తర్వాత విన్నాను. మీతో అబద్ధమెందుకు, విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

కొన్నేళ్లకు పుంగనూరు బస్టాండులో రెడ్డెప్ప కనబడ్డాడు. ఎరువుల అంగడి పెట్టుకున్నాడట. నా సంచీ లాక్కుని మోశాడు. పక్కన ఉన్న భార్యతో, "మా సారు. బాగా చెప్తాండె. నాకే ఆ పొద్దు చెయ్యి కుదర్లేదు," అన్నాడు.

నా మాట నమ్మేశాడు. తన కళ్లతో చూసినదాన్ని, తన బుర్రతో తేల్చినదాన్ని వదిలేసి, నా మాటను తన తప్పుగా మోస్తున్నాడు. ఆ దంపతుల ముందు నోరు విప్పడానికి బస్సు వచ్చేంతవరకు సమయం ఉంది. వానల గురించి మాట్లాడాను.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు. మీరు అతన్ని ఎరిగినవాళ్లు కారు, ఈ కాగితం అతని దాకా పోదు. అయినా ఒక్కసారి రాసుకోనివ్వండి.

రెడ్డెప్పా, ఆ రోజు నువ్వు రాసిందే సరైన జవాబు. నాకు ముందే తెలుసు.