దానమ్మ అడిగిన ప్రార్థన

ఇన్నేళ్లూ ఈ మాటను నోట్లోనే పెట్టుకొని బతికాను. అదే నోటితో తిన్నాను, పాటలు పాడాను, ప్రార్థనలు చేశాను. బరువు మోయడమంటే వీపు మీద మోయడమే అనుకునేదాన్ని. నాలుక మీద కూడా మోయవచ్చని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు. నా పేరు అడగకండి. మీరెవరో నాకూ తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పెంచిన బిడ్డ సుగుణ. ఆమె కన్నతండ్రి ఓబులేసును జమ్మలమడుగు దారిలో నరికి చంపారు. అతను ఏ బండిలో వస్తాడో వాళ్లకు తెలిసింది నా వల్ల.

అప్పుడు మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. ఊళ్లో రెండు వర్గాలు. ఎవరు ఏ వర్గమో పుట్టుకతోనే తేలిపోయేది. నా తమ్ముడు ఒక నాయకుడి మనిషి, ఓబులేసు ఇంకో నాయకుడి మనిషి. మా అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకన వేసుకొని పెంచింది నేనే. పెళ్లయ్యాక నేనూ నా భర్తా ప్రార్థన మందిరానికి వెళ్లడం మొదలుపెట్టాం. కొన్నాళ్లకు ఓబులేసు కూడా వచ్చాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు అందరి ముందూ చెప్పాడు, ఇక తనకు వర్గం లేదని, పరలోకంలో తండ్రి మాత్రం ఉన్నాడని. అతని నాయకుడికి కోపం వచ్చింది. అవతలి నాయకుడు నమ్మలేదు. పాత కేసు ఒకటి మాత్రం అతన్ని వదలక, వాయిదాలకు జమ్మలమడుగు కోర్టుకు పోవాల్సి వచ్చేది.

పాస్టరు గారు తరచూ ఒక సంగతి చెప్పేవారు. మనం దేవుడి ఇంట పుట్టిన బిడ్డలం కాదు, ఆయన కోరి దత్తత తీసుకున్న బిడ్డలం, కాబట్టి ఇక్కడ ఎవరిది ఏ రక్తమని అడగకూడదు అని. నేను అందరికంటే గట్టిగా ఆమెన్ అనేదాన్ని. ఓబులేసును అన్నా అని పిలిచేదాన్ని. నిజంగా పిలిచానా? ఆ పిలుపు మందిరం గడప దాకానే వచ్చి ఆగిపోయేదేమో. ఇప్పుడు అదే అనిపిస్తుంది.

స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పుకునే అలవాటు ఉంది. ఒక్కొక్కరూ తమ కష్టం చెబితే మిగతావాళ్లు దాని కోసం ప్రార్థిస్తారు. దేవుడి ముందు దాపరికం ఎందుకని అన్నీ విడమరిచి చెబుతారు. ఆ వారం ఓబులేసు భార్య దానమ్మ కొంగు తల మీదికి లాక్కొని తన మనవి చెప్పింది. వాయిదాకు బస్సులో పోవాలంటే భయంగా ఉందని, తెల్లవారుజామున ముద్దనూరు వైపు నుంచి వచ్చే పాలవ్యాను ఎక్కుతున్నాడని, క్షేమంగా పోయి రావాలని అడగండని. ఆ మనవికి ప్రార్థన చేసింది నేనే. దానమ్మ చేయి పట్టుకొని, కన్నీళ్లు పెట్టుకొని చేశాను. ఆ కన్నీళ్లు దొంగవి కావు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు ఇంటికి వచ్చాడు. సంగటి పెట్టాను. తింటూ అడిగాడు.

"ఓబులేసు వాయిదాకు ఎట్ల పోతాండాడు అక్కా? బస్సులో యాడా కనపడల్యా."

నాకేం తెలుసు అన్నాను.

"మీ మందిరంలో ఆడోళ్లు అన్నీ చెప్పుకుంటారంట గదా. ఆయప్పతో రాజీ మాట్లాడాల. ఊర్లో అయితే నలుగురూ చూస్తారు."

"మాట్లాడేదానికేనా?"

"ఇంగ దేనికి? తోడబుట్టినోన్ని అడుగుతాండా. ఆయప్ప నీకేమైతాడు?"

అన్న అవుతాడు అనాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆ మాట రాలేదు. పాలవ్యాను అన్న మాట వచ్చింది.

రాజీ కోసమని నమ్మానా? నమ్మానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పల్లెల్లో ఒక మనిషి ఏ దారిన పోతాడని ఎవరైనా ఊరికే అడుగుతారా? తమ్ముడు చేయి కడుక్కొని నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు, అది గమనించాను, గమనించి కూడా నాలుగిళ్ల అవతల ఉన్న దానమ్మ దగ్గరికి పోలేదు, రాజీ అయితే అందరికీ మంచిదే కదా అనుకుంటూ గిన్నెలు తోముకున్నాను. పోవాలంటే ఆ సాయంత్రమంతా నాదే. పోలేదు.

వాయిదా రోజు పొద్దున బోరింగు దగ్గర ఉండగా కబురు వచ్చింది. వ్యానుకు జీపు అడ్డం పెట్టారట. ముందు బాంబులు, తర్వాత కొడవళ్లు. ఆడవాళ్లంతా బిందెలు వదిలేసి పరుగెత్తారు. నేను మాత్రం బోరింగు కొడుతూనే ఉన్నాను. బిందె నిండి పొర్లిపోతోంది, కాళ్లు తడిసిపోతున్నాయి, చేయి ఆగడం లేదు. ఎవరో వచ్చి నా చేతులు విడిపించాల్సి వచ్చింది. శవాన్ని తెచ్చాక దానమ్మ అంతమందిలో నన్నే వెతుక్కుంటూ వచ్చి నా మీద పడింది.

"నువ్వు ప్రార్థన చేసినావు గదా అక్కా" అంది.

ఆమెను పట్టుకొని నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు.

కొన్నాళ్లకు తమ్ముడు మళ్లీ భోజనానికి వచ్చాడు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. వడ్డించాను. నా చేయి వణకలేదు. జరిగినవాటన్నిటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలో చేరి ప్రొద్దుటూరు సభలో ఒకరికొకరు దండలు వేసుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. నా తమ్ముడూ కొట్టాడు. ఇప్పుడు పులివెందుల దగ్గర చీనీతోట చేసుకుంటున్నాడు.

దానమ్మ తన చంటిబిడ్డ సుగుణను తీసుకొని ప్రొద్దుటూరు చేరింది. పని కోసం మేమూ అక్కడికే వచ్చాం. ఆమెకు పెద్ద జబ్బు చేసింది. బంధువులు ఫ్యాక్షన్ ఇంటి బిడ్డను తీసుకోవడానికి భయపడ్డారు. ఆసుపత్రి మంచం మీద దానమ్మ పసిబిడ్డ చేతిని నా చేతిలో పెట్టింది. పక్కనే ఉన్న పాస్టరు గారు, పరలోకపు తండ్రి మనల్ని తీసుకున్నట్టే ఈ బిడ్డను తీసుకోండమ్మా అన్నారు. నాకు పిల్లలు లేరు. వద్దని చెప్పే హక్కు లేదనుకున్నాను. సరేనని చెప్పే హక్కు అసలే లేదని తెలుసు. సరేనన్నాను.

దానమ్మ ఆ జబ్బుతోనే పోయింది. తర్వాత నా భర్త కూడా పోయాడు. సుగుణ చదువుకొని నర్సు అయింది. పోయిన నెల మందిరంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడింది. దేవుడు మనల్ని దత్తత తీసుకున్నాడంటే ఏమిటో తనకు వాక్యం విని తెలియలేదని, తనను పెంచిన అమ్మను చూసి తెలిసిందని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. పక్కనున్నావిడ నా భుజం తట్టింది. దేవుడు మన సంగతి అంతా తెలిసి బిడ్డలుగా తీసుకుంటాడు. ఈ పిల్ల ఏమీ తెలియకుండా నన్ను తల్లిగా తీసుకుంది. తెలిస్తే తీసుకునేదా? అది తేల్చుకునే అవకాశం కూడా ఆమెకు ఇవ్వకుండా ఇన్నేళ్లూ ఆమె ప్రేమను తిన్నాను. దొంగతనం కాక ఏమిటిది?

ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకముందే చెప్పేశాను. తమ్ముడు అడిగింది, నేను చెప్పింది, బోరింగు దగ్గర నిలబడింది, అన్నీ. సుగుణ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివరికి ఒక్కటే అడిగింది.

"మాయమ్మకు తెలిసే నన్ను నీకిచ్చిందా?"

"లేదు. తెలీదు."

సుగుణ చెప్పులేసుకొని డ్యూటీకి పోయింది.

రాత్రికి రాదనుకున్నాను. వచ్చింది. అప్పటి నుంచి రోజూ వస్తోంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. నీళ్లు వచ్చాయి అంటుంది, తలుపేసుకో అంటుంది. అమ్మా అని మాత్రం అనడం లేదు. ఆ పిలుపు ఉండాల్సిన చోట చిన్న ఖాళీ వదిలి మాట్లాడుతుంది. ఆ ఖాళీ విన్నప్పుడల్లా లోపల కోసినట్టు ఉంటుంది. అయినా నిజం చెప్పేశాక ఊపిరి ఆడుతోంది. నిన్న నేను కంచం ముందు పెడితే, నా ముఖం వైపు ఒకసారి చూసి, తల దించుకొని తింది. ఎవరు పెడుతున్నారో తెలిసి ఆమె తింటున్న అన్నం అది.